గోడ వెనక నక్కినా కనుక్కుంటున్నాడంటే హ్యాకేనా?

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతాండాం. రాత్రిపూట 'డెడ్ బై డేలైట్' అనే ఆన్‌లైన్ భయం ఆట ఆడతాం, అందులో నలుగురు సర్వైవర్లు (బతికి బయటపడాల్సినోళ్లు) నక్కుతా జనరేటర్లు బాగు చేయాల, ఒక కిల్లర్ వాళ్లను వేటాడతాడు. ఈ మధ్య యాడ నక్కినా కిల్లర్ నేరుగా మా కాడికే వస్తాండాడు. గోడ వెనక కూచున్నా, గడ్డిలో వంగినా కనుక్కుంటాండాడు. వాల్‌హ్యాక్ (గోడ అవతలి మనుషుల్ని చూపే దొంగ ప్రోగ్రాం) వేసినాడని మా ఫ్రెండు అంటాడు. వాడు టెలిగ్రామ్‌లో నెలకు 600 రూపాయలు కట్టి అట్లాంటిదే కొని వాళ్లింట్లో వేసుకున్యాడు. 'మనమూ వేసుకుంటే సరికి సరి అయితాది' అని నాకూ ఒక జిప్ ఫైలు పంపినాడు. దానికి పాస్‌వర్డ్ ఉంది, వేసే ముందు డిఫెండర్ (విండోస్ యాంటీవైరస్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పటి కాపలా) ఆపమని రాసినారు. నేను ఇంకా తెరవలేదు. కాకపోతే నా స్టీమ్ (ఆటలు కొని ఆడే యాప్) పాస్‌వర్డ్ వాడికి తెలుసు, నేను ఆడనప్పుడు నా అకౌంటుతోనే ఆడతాడు. మా ఇంట్లో ఆ కంప్యూటర్‌లోనే నాయన బట్టల కొట్టు లెక్కలు, జీఎస్‌టీ, బ్యాంకు పని చూసుకుంటాడు. కిల్లర్ నిజంగా హ్యాక్ వేసినాడో లేదో ఎట్ల తెలుసుకోవాల? మేం వేసుకుంటే ఏమైతాది?

సమాధానం: తమ్ముడూ, తెరవకపోవడం మంచి పని. ఆ జిప్‌ను డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. ఇప్పుడే ఫోన్ తీసి నీ స్టీమ్ పాస్‌వర్డ్ మార్చు. స్టీమ్ యాప్‌లో ఆథరైజ్డ్ డివైసెస్ పేజీకి పోయి నీవి కాని మెషిన్లన్నిటినీ తీసెయ్. ఇది అయ్యాకే కింద చదువు.

ముందు కిల్లర్ సంగతి చూద్దాం. ఎప్పుడూ సర్వైవర్‌గానే ఆడేవాళ్లకు ఒకటి తెలియదు: ఈ ఆట కిల్లర్‌కు నీ ఆనవాళ్లు బోలెడు ఇస్తుంది. నువ్వు పరుగెత్తితే నీ వెనక ఎర్రటి గీతలు పడతాయి. నీ స్క్రీన్ మీద అవి కనపడవు, కిల్లర్ స్క్రీన్ మీద నిప్పు రాజుకున్నట్టు కనపడతాయి. 10 సెకన్ల పాటు అట్లాగే ఉంటాయి. నడిచినా, వంగి నడిచినా పడవు. నువ్వు గోడ దాకా పరుగెత్తి, మూల తిరిగి, అక్కడే చతికిలబడతావు. గీతలు ఆ మూల దగ్గర ఆగిపోతాయి. గీతలు ఆగిన చోట మనిషి ఉంటాడని చెప్పడానికి హ్యాక్ అక్కర్లేదు. మూల తిరగడానికి ముందే పరుగు ఆపి, పక్కకు నడిచి, రెండో మూలలో కూచుంటే తేడా నీకే తెలుస్తుంది.

దెబ్బ తిన్నాక గడ్డిలో నక్కడం ఇంకో పొరపాటు. గాయపడ్డ సర్వైవర్ మూలుగుతూనే ఉంటాడు. కిల్లర్ మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ మూలుగు ఎడమన వస్తోందా కుడిన వస్తోందా అన్నది కూడా తెలుస్తుంది. నేల మీద నెత్తురు మరకలు ఉండనే ఉన్నాయి. కాకులు లేచినా, కిటికీ మీంచి వేగంగా దూకినా, లాకర్‌లోకి దబాలున దూరినా, జనరేటర్ దగ్గర స్కిల్ చెక్ (సరైన క్షణంలో బటన్ నొక్కే పరీక్ష) తప్పి పేలినా కిల్లర్‌కు కబురు వెళ్లినట్టే. బాగు కాని జనరేటర్లు ఎక్కడున్నాయో అతనికి మొదటి నుంచీ గోడల్లోంచే కనపడతాయి. మ్యాప్‌లో ఏడుంటే మీరు ఐదు చేయాలి. చివరికి మిగిలిన మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయంటే అతను ఆ మూడింటి చుట్టూ తిరుగుతూ ఉంటాడు. మీకేమో 'మనం ఏ జనరేటర్ పట్టుకున్నా వచ్చేస్తున్నాడు' అనిపిస్తుంది.

వీటన్నిటి మీదా ఆరా పర్కులు, అంటే మనిషి ఆకారాన్ని (ఆరా) గోడల్లోంచి చూపే అదనపు శక్తులు (పర్కులు). ఇవి ఆట చేసినవాళ్లే చేతికిచ్చిన గోడచూపు. 'లీథల్ పర్స్యూయర్' పెట్టుకుంటే మ్యాచ్ మొదలవగానే నలుగురూ ఎక్కడున్నారో కొన్ని సెకన్లు కనపడతారు. అతను మొదటి నిమిషంలోనే తిన్నగా మీ మీదికి రావడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. 'నర్సెస్ కాలింగ్' అయితే గాయం కట్టుకుంటున్న వాళ్లను, చివరి స్థాయిలో 28 మీటర్ల లోపల, గోడల్లోంచే చూపిస్తుంది. గోడ చాటున కూచుని వైద్యం చేసుకుంటుంటే వచ్చి పడ్డాడంటే ముందు దీన్నే అనుమానించు. 'బార్బెక్యూ అండ్ చిల్లీ' ఉంటే ఒకణ్ణి కొక్కేనికి వేలాడదీయగానే దూరంగా ఉన్నవాళ్లు కనపడతారు. 'ఐ యామ్ ఆల్ ఇయర్స్' ఉంటే నువ్వు కిటికీ దూకిన చప్పుడు చాలు, కాసేపు నీ ఆకారం కనపడిపోతుంది. ఈ లెక్కలు ఆట అప్‌డేట్ అయినప్పుడల్లా మారుతుంటాయి కాబట్టి అంకెలు కంఠతా పట్టకు, ఏ పని చేస్తే ఏది బయటపడుతుందో గుర్తుపెట్టుకో. మ్యాచ్ అయ్యాక స్కోరు పట్టికలో కిల్లర్ పెట్టుకున్న నాలుగు పర్కులూ కనపడతాయి. వాటిని చూడకుండానే 'హ్యాకర్ నా కొడుకు' అని టైపు చేసేవాళ్లే ఎక్కువ.

ఆదివారం ఒక అరగంట కస్టమ్ గేమ్ (మీలో మీరే ఆడుకునే మ్యాచ్) పెట్టుకోండి. నీ ఫ్రెండ్స్‌లో ఒకడు సర్వైవర్, నువ్వు కిల్లర్. ముందు పర్కులేమీ లేకుండా, తర్వాత పైన చెప్పినవి ఒక్కొక్కటీ పెట్టుకుని చూడు. వాడు రోజూ నక్కే చోటే నక్కమను. అటువైపు నుంచి ఆ 'రహస్య స్థలం' ఎంత బట్టబయలుగా ఉంటుందో కళ్లారా చూస్తే మీ ఫిర్యాదుల్లో చాలా భాగం అక్కడికక్కడే తేలిపోతుంది.

అయినా అనుమానం మిగిలితే రికార్డింగే దారి, జ్ఞాపకాన్ని నమ్మలేం. భయంలో మనిషి దిక్కు, సమయం రెండూ తప్పుగా గుర్తుపెట్టుకుంటాడు. ఈ ఆటలు నడిచేదే ఆ భయం మీద. స్టీమ్‌లోనే గేమ్ రికార్డింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చెయ్యి. వీడియో నాణ్యత 12 ఎంబీపీఎస్ దగ్గర పెడితే రెండు గంటలకు దాదాపు 11 జీబీ పడుతుంది, డిస్క్‌లో అంత జాగా చూసుకో. పాత కంప్యూటర్ అయితే విండోస్ గేమ్ బార్ చాలు. అందులో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకుంటే విండోస్, ఆల్ట్, జీ కీలు ఒకేసారి నొక్కగానే అప్పటిదాకా జరిగిన 30 సెకన్లు సేవ్ అవుతాయి.

క్లిప్ చూసేటప్పుడు నువ్వు పట్టుబడ్డ క్షణాన్ని వదిలెయ్. దానికి 10 సెకన్ల ముందు నుంచి చూడు. కాగితం మీద ఒక గీత గీసి రాసుకో: ఆ 10 సెకన్లలో నేను పరుగెత్తానా, మూలిగానా, కాకి లేచిందా, దగ్గర్లో జనరేటర్ పేలిందా, ఎవరికైనా వైద్యం జరుగుతోందా, కొక్కెం పడిందా. వీటిలో ఒక్కటి ఉన్నా ఆ క్లిప్ పక్కన పెట్టెయ్. ఏదీ లేకుండా అతని చూపు గోడ మీదుగా నీతోపాటు కదులుతోందా చూడు. అసలు ఆనవాలు అదే. గోడ అవతల నువ్వు ఎడమకు వంగి నడిస్తే ఇవతల అతని తల ఎడమకు, ఆగితే అతనూ ఆగడం, వెనక్కి తిరిగితే అతనూ తిరగడం. మామూలు ఆటగాడు నువ్వు ఉన్న చోటికి రాగలడు, కనపడకుండా నువ్వు మారే దిక్కును మాత్రం అప్పటికప్పుడు పట్టుకోలేడు. వరసగా నాలుగు లాకర్లు ఉంటే మూడు వదిలి నువ్వున్న నాలుగోదే తెరిచాడనుకో, ఒకసారి అదృష్టం అనుకోవచ్చు. ఒకే మ్యాచ్‌లో అట్లాంటివి మూడు, అదీ ఆరా పర్కు ఒక్కటీ లేకుండా ఉంటే ఫిర్యాదు చేయదగ్గ కేసు.

కిటికీ దాటేసినా దెబ్బ తగిలిందన్న గోల దీంట్లో కలపొద్దు. అది వేరే జబ్బు. అతని స్క్రీన్ మీద నువ్వు ఇంకా కిటికీ ఇవతలే ఉంటావు, మధ్యలో ఉన్నది పింగ్, అంటే నెట్‌లో కబురు పోయి రావడానికి పట్టే ఆలస్యం. రాత్రి ఇంట్లో ఎవరో సినిమా చూస్తుంటే, నువ్వు రెండు గోడల అవతల వైఫై మీద ఆడుతుంటే ఇట్లాగే అవుతుంది. రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాక్కుని ఆడి చూడు.

ఇక వాల్‌హ్యాక్ అనేది ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని కంపెనీ 'ఒక్క బటన్‌తో ఎందుకు ఆపలేదు' అన్న ప్రశ్న రాదు. దాగుడుమూతల్లో కళ్లు మూసుకున్నోడు వేళ్ల సందుల్లోంచి చూస్తాడే, దాదాపు అదే. నువ్వు ఎక్కడున్నావన్నది కిల్లర్ కంప్యూటర్‌కు ముందే తెలుసు, సర్వర్ పంపుతూనే ఉంటుంది. తెలిసినా చూపించకుండా ఉండడం ఆ కంప్యూటర్ పని. స్క్రీన్ మీద ఒక్కో చుక్కకు దేనిది దగ్గర, దేనిది దూరం అని గ్రాఫిక్స్ కార్డు లెక్క రాసుకుంటుంది. గోడ దగ్గర, మనిషి దూరం అయితే గోడే గీస్తుంది. ఒక రకం హ్యాక్ ఆ లెక్కను పట్టించుకోకుండా మనుషుల బొమ్మల్ని మెరిసే రంగుతో పైన గీయిస్తుంది, వాటిని చామ్స్ అంటారు. ఇంకో రకం మెమరీలోంచి అందరి స్థానాలూ చదివి, స్క్రీన్ మీద డబ్బాలు, పేర్లు, మీటర్లలో దూరాలు రాస్తుంది. ఈఎస్‌పీ అని టెలిగ్రామ్‌లో అమ్మేది ఇదే. ఇది కొత్త రోగమేం కాదు. 2001లోనే ఆసుస్ కంపెనీ తన గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌లోనే గోడల్లోంచి చూసే సౌకర్యం పెట్టి ఆటగాళ్ల చేత తిట్లు తింది.

సర్వర్ అసలు పంపకపోతే సరిపోతుంది కదా అంటావేమో. తుపాకీ ఆటల్లో కొందరు అదే చేశారు. 2020లో వచ్చిన 'వాలరెంట్'లో ఎదుటివాడు కనపడబోయే దాకా అతని స్థానాన్ని సర్వర్ నీకు పంపదు. భయం ఆటల్లో అది కష్టం. మూలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో వినిపించాలంటే మనిషి ఎక్కడున్నాడో పంపాల్సిందే. ఎర్ర గీతలు గీయాలన్నా, ఆరా చూపాలన్నా అంతే. పైగా ఆలస్యంగా పంపితే పింగ్ ఎక్కువ ఉన్నవాళ్లకు మనిషి గాల్లోంచి ఊడిపడ్డట్టు కనపడతాడు. 'డెడ్ బై డేలైట్' 2016 జూన్‌లో వచ్చినప్పుడైతే కిల్లర్ కంప్యూటరే మ్యాచ్‌ను నడిపేది. 2019లో సొంత సర్వర్లకు మారాక కొన్ని మోసాలు తగ్గాయి. చూసే మోసం మాత్రం సర్వర్ మార్చినంత మాత్రాన పోదు, ఎందుకంటే చూసేవాడు సర్వర్‌ను ఏమీ అడగడు, తన దగ్గరికి వచ్చిందే చదువుకుంటాడు. అందుకే ఆ ఆటతోపాటు ఈజీ యాంటీ-చీట్ అనే కాపలా ప్రోగ్రాం నీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది.

ఆ కాపలా విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడుస్తుంది, దాన్ని దాటడానికి ఇట్లాంటి హ్యాక్‌లు కూడా అంత లోతుకు దిగాలని చూస్తాయి. సెక్యూర్ బూట్, డిఫెండర్, కోర్ ఐసోలేషన్ (కెర్నెల్‌కు విండోస్ పెట్టిన ఇంకో కాపలా) ఆపమని అడిగేది దానికే. అవి ఆపాక ఆ ఫైలుకు నీకన్నా, మీ నాయనకన్నా ఎక్కువ అధికారం వస్తుంది. అమ్మినవాడు మంచోడే అనుకుందాం. వాడు తెచ్చిన డ్రైవర్‌లో, అంటే కెర్నెల్‌లోకి దింపే ప్రోగ్రాంలో, ఉన్న సందులోంచి ఇంకోడు దూరొచ్చు. 2022లో రాన్సమ్‌వేర్ దొంగలు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు) 'జెన్‌షిన్ ఇంపాక్ట్' ఆట తాలూకు కాపలా డ్రైవర్‌నే వాడుకుని యాంటీవైరస్‌లను చంపిన కేసు ఉంది. డిజిటల్ సంతకం ఉన్న, పేరున్న కంపెనీ డ్రైవర్‌కే ఆ గతి పట్టింది. టెలిగ్రామ్ డ్రైవర్ సంగతి వేరే చెప్పాలా.

జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారో ఆలోచించు. లాక్ ఉన్న జిప్ లోపల ఏముందో జీమెయిలూ, యాంటీవైరసూ చూడలేవు. ఇట్లాంటి ఫైళ్లలో ఎక్కువగా వచ్చేవి సమాచారం దోచేవి. రెడ్‌లైన్, లుమ్మా అని పేర్లు వినే ఉంటావు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు (నువ్వు లాగిన్ అయి ఉన్నావని గుర్తుపెట్టుకునే ఫైళ్లు), డిస్కార్డ్ చాట్ యాప్ లాగిన్ టోకెన్ మూటగట్టి పంపేస్తాయి. నడిపిన కొద్ది నిమిషాల్లోనే పని అయిపోతుంది. కుకీ పోయిందంటే దొంగకు ఓటీపీ అవసరం కూడా లేదు, నువ్వు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న జీమెయిల్‌లోకే తిన్నగా వస్తాడు. ఇక మీ నాయన జీఎస్‌టీ లాగిన్, సరుకు పంపే వాళ్ల మెయిళ్లు, బ్యాంకు పాస్‌వర్డ్ ఏ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్నాయో నీకే తెలియాలి. 'హ్యాక్ బాగానే పనిచేస్తోంది, వైరస్ ఉంటే పనిచేయదు కదా' అని మీ ఫ్రెండు అనొచ్చు. పనిచేయడమే ఎర. డబ్బాలు కనపడుతున్నంతసేపూ వాడు దాన్ని తీసేయడు.

వాడి కంప్యూటర్‌కు చేయాల్సింది వాడికే చూపించు. ముందు నెట్ పీకేయమను. తర్వాత ఆ కంప్యూటర్ ముట్టుకోకుండా ఫోన్‌లోంచి, వైఫై ఆపి మొబైల్ డేటా మీద, మొదట జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో పాత డివైసులన్నిటినీ సైన్ అవుట్ చేయాలి. స్టీమ్, డిస్కార్డ్, బ్యాంకు దాని తర్వాత. జీమెయిల్ మొదట ఎందుకంటే మిగతావాటి రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. కుతూహలం ఉంటే విండోస్ సెక్యూరిటీలో వైరస్ సెట్టింగ్స్ కింద ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూడమను. వాడు పెట్టకుండానే అక్కడ సీ డ్రైవ్ మొత్తమో, ఏదో ఫోల్డరో కనపడితే, డిఫెండర్‌ను మళ్లీ ఆన్ చేసినా అది ఆ చోటు వైపు చూడదన్నమాట. స్కాన్‌లో ఏమీ రాకపోవడానికి ఇదొక కారణం.

శుభ్రం చేయడం అంటే మళ్లీ విండోస్ వేయడమే, వేరే దారి చెప్పలేను. వేరే మంచి కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి, దాంతో బూట్ చేసి, డిస్క్ పార్టిషన్లు తీసేసి కొత్తగా వేయాలి. 'ఫైళ్లు ఉంచి రీసెట్' అన్న దారి దీనికి పనికిరాదు. ఫొటోలు, పీడీఎఫ్‌లు దాచుకోవచ్చు, ఎక్స్‌ఈ (ప్రోగ్రాం) ఫైళ్లు, క్రాక్ చేసిన ఆటలు వద్దు. అయ్యాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగ్స్) సెక్యూర్ బూట్, విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ రెండూ మళ్లీ ఆన్ చేయాలి, చాలామంది ఇది మరిచిపోతారు. డబ్బు పోయినట్టు కనపడితే ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే 1930కి ఫోన్ చేసి బ్యాంకుకూ చెప్పాలి. అక్కడ ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

నీ అకౌంటు విషయంలో నీకు ఇంకో దెబ్బ పొంచి ఉంది. హ్యాక్ వాడింది వాడైనా బ్యాన్ పడేది అకౌంటుకు, అంటే నీకు. 'నేను ఆడలేదు' అంటే ఎవరూ వినరు. పాస్‌వర్డ్ ఇచ్చింది నువ్వే కదా అంటారు. స్టీమ్ ఫ్యామిలీలో కూడా ఇదే పద్ధతి: ఇంట్లోవాళ్లు నీ కాపీతో మోసం చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో నువ్వూ బ్యాన్ అవుతావు. 'పదిహేను రోజులైంది, ఏమీ కాలేదు' అని వాడంటే నమ్మొద్దు. పట్టుకున్న వెంటనే బ్యాన్ వేస్తే అమ్మేవాడికి ఏది దొరికిపోయిందో తెలిసిపోతుంది. అందుకే కంపెనీలు గుట్టుగా పోగేసి ఒకేసారి గంపగుత్తగా వేస్తాయి. మ్యాచ్ హిస్టరీ నువ్వేం చెరపలేవు. పాస్‌వర్డ్ మార్చి, ఇంకెవరికీ ఇవ్వకుండా ఉండడమే నీ చేతిలో ఉన్నది.

మీ మ్యాచ్‌లో నిజంగా హ్యాకర్ అనిపించినవాణ్ణి స్కోరు పట్టికలోనే రిపోర్ట్ కొట్టొచ్చు. పేరు రేపు మార్చుకుంటాడు కాబట్టి ప్రొఫైల్ లింక్ దాచుకో. కంపెనీ సపోర్ట్‌కు రాసేటప్పుడు మొత్తం మ్యాచ్ వీడియో పంపు, నీకు అనుమానం వచ్చిన నిమిషాలు, సెకన్లు కింద రాయి. కత్తిరించిన 15 సెకన్ల క్లిప్‌కు విలువ ఉండదు, ఎందుకంటే దానికి ముందు నువ్వు పరుగెత్తావో లేదో వాళ్లకు కనపడదు. వాట్సాప్ గ్రూపుల్లో పేరు పెట్టి తిప్పకు. తప్పయితే వెనక్కి తీసుకోలేవు.

ఫోన్‌లో ఆడేవాళ్లు మోడ్ ఏపీకే (ఎవరో మార్చిన యాప్ ఫైలు) అని వేసుకునేవి ఇంకా ప్రమాదం. యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తే అది నీ స్క్రీన్ మొత్తం చదవగలదు, ఎస్ఎంఎస్ అనుమతి ఇస్తే ఓటీపీలు కూడా. యూపీఐ ఉన్న ఫోన్‌లో దాని జోలికి పోకండి.

చివరగా మీ ఇంటి కంప్యూటర్. ఆటకు, కొట్టుకు ఒకే విండోస్ లాగిన్ వాడుతున్నట్టున్నారు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్ లోకి పోయి నీకు వేరే లాగిన్ పెట్టు, దాన్ని స్టాండర్డ్ యూజర్‌గా ఉంచు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ నాయన దగ్గరే ఉండాలి. స్టాండర్డ్ లాగిన్‌లోంచి డ్రైవర్ ఎక్కించాలంటే విండోస్ ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు 'నాయనా, ఒక్క నిమిషం, పాస్‌వర్డ్ కొట్టు, గోడల్లోంచి చూసేది వేసుకోవాల' అని అడగాల్సి వస్తుంది. అడిగేంత ధైర్యం నీకుంటే వేసుకో.